మడికొండ సెజ్‌లో యూనిట్ పెట్టించే కన్సల్టెన్సీ: ఫైలుకు మార్కులు, కరపత్రానికి కోత

హన్మకొండ నక్కలగుట్ట వైపు ఒక కన్సల్టెన్సీ, మడికొండ ఐటీ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో చోటు కావాలనుకునే చిన్న కంపెనీలకు అనుమతుల పనంతా ప్యాకేజీగా చేసిపెడుతోంది. రేటింగ్ ఐదుకు మూడు. ఆ మూడూ ఫారం-ఎఫ్ (యూనిట్ అనుమతి దరఖాస్తు) పనికే.

చాలామందికి మొదట్లోనే తికమక. చోటు ఇచ్చేది రాష్ట్ర మౌలిక సదుపాయాల సంస్థ. యూనిట్‌కు అనుమతి ఇచ్చేది కేంద్రం. 2005 సెజ్ చట్టం, దాని నియమాలు 2006 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉన్నాయి. సెజ్ పెట్టాలంటే ఢిల్లీలోని బోర్డ్ ఆఫ్ అప్రూవల్ ఒప్పుకోవాలి, ఆపై గెజిట్‌లో నోటిఫై కావాలి. లోపల యూనిట్ సంగతి తేల్చేది డెవలప్‌మెంట్ కమిషనర్ కింద ఉండే అప్రూవల్ కమిటీ. తెలంగాణకు ఆ కమిషనర్ కూర్చునేది విశాఖ దువ్వాడలో. చిన్న కొర్రీకల్లా గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే పని తప్పించడమే వీళ్ల దగ్గర మొదటి లాభం.

ఫైలు మాత్రం శుభ్రంగా కడతారు. నియమం ప్రకారం కమిటీ 15 రోజుల్లో తేల్చాలి. కాగితం తక్కువైతే ఆ గడువుకు అర్థం లేదు. ఎక్కువ ఫైళ్లు ఆగేది ఐదేళ్లలో విదేశీ మారకం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే అంచనా దగ్గరే. సొంతంగా పట్టిక వేసుకునేవాళ్లు దిగుమతి సర్వర్ల ఖర్చంతా మొదటి ఏడాదే రాసేస్తారు, మొత్తం మైనస్‌లో కనిపిస్తుంది. యంత్రసామగ్రిని ఏటా 10 శాతం చొప్పున వేయాలి. వీళ్లు అలాగే వేస్తారు, ఆ అంకెను సామగ్రి జాబితాతో సరిచూస్తారు కూడా.

అనుమతి పత్రం చేతికొచ్చాక వీళ్ల ఊపు తగ్గుతుంది. రిజిస్టరైన లీజు కాగితం ఆరు నెలల్లో కమిషనర్‌కు చేరాలి, ఏడాదిలోపు పని మొదలవ్వాలి. ఈ తేదీలు వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు. సుంకం లేకుండా తెచ్చే సామానుకు హామీగా ఇచ్చే ఫారం-హెచ్ బాండ్‌ను అప్పటి సామానుకు సరిపడా సుంకం లెక్కతో రాసి ఊరుకుంటారు. తర్వాత ఇంకో విడత లాప్‌టాప్‌లు లేదా యూపీఎస్‌లు తెస్తే బాండ్ చాలదు, అదనపు బాండ్ ఇచ్చేదాకా సరుకు ఆగుతుంది. రెండేళ్ల కొనుగోళ్లు ముందే కలిపి రాయమని పట్టుబట్టండి.

జీఎస్టీ సంగతీ అంతే. సెజ్ యూనిట్‌కు అమ్మకం సున్నా పన్ను కిందికి వస్తుంది, అదీ అనుమతి పొందిన పనులకు వాడే సరుకుకే. స్థానిక డీలర్‌కు ఎల్‌యూటీ (పన్ను వేయకుండా అమ్మడానికి ఇచ్చే హామీపత్రం) గురించి చెప్పేవాళ్లు లేక, అలవాటుకొద్దీ 18 శాతం వేసి బిల్లు ఇచ్చేస్తాడు. ఆపై రీఫండ్ కావాలంటే సెజ్ అధికారి ధ్రువీకరణ కోసం డీలరు తిరగాలి. ఒక్క పేజీ నమూనా లేఖతో తీరే పని ఇది, ప్యాకేజీలో లేదు.

అసలు కోపం తెప్పించేది వీళ్ల ప్రచార కరపత్రం. ‘ఐదేళ్లు వంద శాతం ఆదాయపు పన్ను లేదు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మినహాయింపు 2020 మార్చి 31 లోపు పని మొదలుపెట్టిన యూనిట్లకే. అప్పటికే అనుమతి ఉన్నవాళ్లకు కరోనా వల్ల సెప్టెంబర్ 30 దాకా పొడిగించారు. కొత్తవాళ్లకు లేదు. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కును కూడా అందులో సెజ్ అనే రాశారు. అది పీఎం మిత్ర అనే కేంద్ర టెక్స్‌టైల్ పార్కుల పథకం కింద ఉన్న పార్కు, దాని లెక్కలు వేరు. మీ ఖాతాదారులంతా హైదరాబాద్ వాళ్లై రూపాయల్లో చెల్లిస్తుంటే సెజ్ మీకు గుదిబండే, ఎందుకంటే ఐదేళ్ల మొత్తంలో విదేశీ మారకం మిగులు చూపించాలి.

సెజ్ నుంచి బయటపడే ఖర్చు అడిగితే నీళ్లు నమిలారు. నిజానికి లెక్క సులువు: కంప్యూటర్లకు తరుగుదల ప్రతి మూడు నెలలకూ మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 8, మూడో ఏడాది 5, ఆపై రెండేళ్లు ఒక్కొక్క శాతం. 60,000 రూపాయల యంత్రానికి రెండేళ్లు నిండాక 72 శాతం పోను 16,800 మీదే సుంకం.

ఫీజు సగం ముందు, సగం అనుమతి వచ్చాక. ఏటేటా ఫైలింగ్‌కు వేరే ఛార్జీ అంటారు, అది మాత్రం ఒప్పుకోకండి: ఫారం-ఐ వార్షిక నివేదికకు ఎలాగూ సీఏ ధ్రువీకరణ కావాలి, మీ ఆడిటరుకే అప్పగించండి.