పెదవి పొరతో కంటి గూడు బాగు చేయించుకున్నాక: నా అనుభవం

తుమ్మొస్తే అందరూ ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, నేను కంటికి పెట్టుకునేవాణ్ణి. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. దాని చోట పెట్టిన అక్రిలిక్ కన్ను చాలా ఏళ్లు బాగానే ఉండి, తర్వాత జారడం మొదలుపెట్టింది. ఒకసారి పెళ్లి పంక్తిలో తుమ్మితే ఆకులో పడింది. పక్కనున్న పెద్దాయన ఇంకో ఆకు వెయ్యమని చెప్పి ఊరుకున్నాడు, పుణ్యాత్ముడు.

తప్పు కన్నుది కాదు, అది కూర్చునే చోటుది. కింది రెప్ప వెనక కంటిపొర మడత పడి చిన్న సంచిలా ఉంటుంది, దాన్ని ఫార్నిక్స్ అంటారు. నాకు ఆ పొర ముడుచుకుపోయి సంచి పూడిపోయింది. ఇక ఎంత మంచి కన్ను చేయించినా కింద ఆనడానికి ఏమీ లేదు. అందుకే ఆపరేషన్. మచ్చ కట్టిన పొరను విడదీసి, కింది పెదవి లోపలి పొర తీసి అక్కడ అతికారు. సంచి మళ్లీ పూడకుండా దారాలు రెప్పలోంచి బయటికి తెచ్చి చెంప మీద ముడేశారు. లోపల కన్ఫార్మర్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ చిప్ప పెట్టారు. అది ఊడితే వెంటనే వచ్చి పెట్టించుకోమన్నారు, గూడు ఖాళీగా ఉంటే అతికిన పొర ముడుచుకుంటుందట.

కంటికి పెద్దగా నొప్పి లేదు. నా కోపమంతా పెదవి మీదే. 'త్వరగా మానిపోతుంది' అని ఒక్క ముక్కతో తేల్చేశారు. మానింది, కాదనను. కానీ సంగటిలోకి కారంకారంగా ఊరిబిండి పచ్చడి లేకపోతే ముద్ద దిగని ఇల్లు మాది. చల్లటి మజ్జిగ తగిలినా ప్రాణం పోయేది. "కంటికని పోయి మూతి కోయించుకుని వచ్చినావేంది నాయనా" అని అమ్మ ఒకటే గోల.

అసలు ఆనందం కొండ మీద కల్యాణకట్టలో తెలిసింది. ఇంతకుముందు గుండు చేయించుకోవాలంటే కన్ను తీసి రూములో పెట్టి, నల్లద్దాలతో వెళ్లేవాణ్ణి. ఈసారి తీయలేదు. గుండు చేసేటాయన తల బాగా కిందికి వంచమన్నాడు, వంచాను. నీళ్లు నుదుటి మీంచి రెండు కళ్లలోకీ కారాయి, గట్టిగా మూసుకున్నాను. గడ్డం కిందికి, పక్కకి తిప్పాడు. చెయ్యి కంటి దగ్గరికి పోబోయి ఆగింది. కన్ను కదిలితేగా! బయటికొచ్చి గంధం రాసుకుంటుంటే మా ఆవిడ 'ఏంది అంత నవ్వు' అంది.

సరే, లోపాలూ చెప్పాలి. మొదట్లో ఉన్న లోతు ఇప్పుడు లేదు. అతికిన పొర కొంత ముడుచుకుంటుందని డాక్టరు ముందే చెప్పాడు, అందుకే కావలసినదానికంటే పెద్ద ముక్క తీశారట. పాత కన్ను పనికిరాక, గూడు అచ్చు తీసి కొత్తది చేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు వేరే. పెదవి పొర కంట్లోకి వచ్చినా తన పని మానదు, జిగట వదులుతూనే ఉంటుంది. తిరుపతి ఎండాకాలంలో పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయి. నిద్రలో పైరెప్ప పూర్తిగా మూతపడదు కూడా.

నాకు రేడియేషన్ ఇవ్వలేదు, యాసిడ్ లాంటివి పడలేదు. రేడియేషన్ పడిన గూట్లో రక్తప్రసరణ తగ్గి అతుకు పట్టడం కష్టమంటారు, కాబట్టి నన్ను చూసి అందరూ ఆశ పెట్టుకోవద్దు. రోజంతా కౌంటర్లో మనుషుల ముఖాలు చూస్తూ కూర్చునే ఉద్యోగం కాబట్టి నాకైతే ఈ తిప్పలన్నీ గిట్టుబాటే. ఇంట్లో చప్పటి కూడు తినేవాళ్లకి ఇంకా తేలిక.