ట్రౌట్: ఏంజెల్స్‌లో ఉండడమా, వెళ్లిపోవడమా?

బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్ 2014, 2016, 2019లలో అమెరికన్ లీగ్ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అయినా తన జట్టు లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ తరఫున ఆడిన ప్లేఆఫ్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే) మ్యాచ్‌లు మూడే. 2014లో కాన్సాస్ సిటీ రాయల్స్ చేతిలో మూడూ ఓటమే. ఇంతటి బ్యాటర్‌కు ఇది అన్యాయమనిపిస్తుంది.

ఉండిపోతే 2030 వరకు దిగులు లేదు; 2019 నాటి ఒప్పందం విలువ 42.65 కోట్ల డాలర్లు. తనను నమ్మిన జట్టును వదలకపోవడం నాకు నిజంగా గొప్పగానే కనిపిస్తుంది. కానీ కాలం ఆగదు. 2021లో పిక్క కండరం పట్టేసి 36 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. 2022లో వెన్ను నొప్పి, 2023లో ఎడమ చేతి ఎముక విరగడం, 2024లో ఎడమ మోకాలి గాయం. ఆ ఏడాది ఆడినవి 29 మ్యాచ్‌లే.

వెళ్లిపోతే ఏమవుతుందో అతని మాజీ సహచరుడు షోహెయ్ ఒహ్తాని చూపించాడు. ఏంజెల్స్‌లో ఆరు సీజన్లు ఆడినా ప్లేఆఫ్ ముఖం చూడని అతను, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకు మారిన తొలి ఏడాదే, 2024లో, టైటిల్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచాడు. అయితే ఒహ్తాని ఒప్పందం ముగిసి స్వేచ్ఛగా వెళ్లాడు. ట్రౌట్‌ను కోరే జట్టు ఆ భారీ జీతాన్నీ, గాయాల చరిత్రనూ కలిపి మోయాలి. తన అనుమతి లేకుండా బదిలీ చేయకూడదన్న హక్కు మాత్రం అతని చేతిలోనే ఉంది.

నన్నడిగితే, ఏంజెల్స్ జీతంలో కొంత భరించైనా అతన్ని గెలిచే జట్టుకు పంపాలి.