పటిక డోసింగ్‌కు ఏఐ ఏజెంట్: వానాకాలం, ఎండాకాలం రెండూ చూశాక

నీటిశుద్ధి ప్లాంట్‌లో పటిక మోతాదును ఏఐ ఏజెంట్‌కు (రీడింగులు చూసి తానే నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌కు) అప్పగించి చాలాకాలమైంది. బురదనీళ్లూ, నాచునీళ్లూ రెండూ దాని చేతిమీదుగా నడిచాక మా మాట ఇదీ: పటికకు పెట్టుకోండి, క్లోరిన్‌కు ఇప్పుడే వద్దు.

జార్ టెస్ట్ (బీకర్లలో వేర్వేరు మోతాదుల పటిక వేసి చూసే పరీక్ష) చెప్పేది ఆ శాంపిల్ తీసిన నీటి సంగతే. వాన పడి టర్బిడిటీ (నీటి మసక) 20 ఎన్‌టీయూ (దాని కొలమానం) నుంచి 200 దాటుతుంటే షిఫ్టుకో టెస్ట్ ఏ మూలకూ రాదు. పోనీ క్లారిఫయర్ (మడ్డి అడుక్కి దిగే ట్యాంకు) అవుట్‌లెట్ చూసి మోతాదు మారుద్దామంటే, నీరు అక్కడికి చేరడానికే రెండు మూడు గంటలు పడుతుంది. ఏజెంట్ అక్కరకొచ్చేది సరిగ్గా ఈ వ్యవధిలో. ముడి నీటి టర్బిడిటీ, పీహెచ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం), ఉష్ణోగ్రత, ఫ్లో చూసి ముందే లెక్క కడుతుంది. 1 మి.గ్రా. పటిక సుమారు 0.5 మి.గ్రా. ఆల్కలినిటీని తినేస్తుంది కదా. వరదనీటిలో ఆల్కలినిటీ లీటరుకు 40 మి.గ్రా. మాత్రమే ఉన్నప్పుడు లీటరుకు 60 మి.గ్రా. పటిక వేస్తే మిగిలేది 10. పీహెచ్ పడిపోయి ఫ్లాక్ (పటికతో కలిసిన బురద ముద్ద) సరిగా కట్టదు. అలాంటప్పుడు పటిక పెంచకుండా ముందు సున్నం కలపమంటుంది. రాత్రి షిఫ్టుకు ఈ ఒక్క సలహా చాలా విలువైనది.

ఇక దెబ్బతినేదెక్కడ? మీటర్ల దగ్గర. టర్బిడిటీ మీటర్ లెన్స్‌కు జిగురు పడితే రీడింగ్ పెరుగుతుంది, ఏజెంట్ పటిక పెంచుతుంది. మోతాదు మించితే బురద కణాల మీద చార్జ్ తిరగబడి అవి మళ్లీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, నీరు నిజంగానే మసకబారుతుంది. అది చూసి ఇంకా పెంచుతుంది. పైగా తప్పుడు రీడింగ్‌కు కూడా అంతే ధీమాగా కారణం రాసిస్తుంది. అందుకే హద్దులు ఏజెంట్‌లో కాదు, పీఎల్‌సీలో (పంపును నడిపే కంట్రోలర్‌లో) పెట్టాలి. మేం పెట్టినవి: కనిష్ఠం 8, గరిష్ఠం 60 మి.గ్రా./లీ.; 15 నిమిషాల్లో 10 శాతానికి మించి మార్పు లేదు; రీడింగ్ 20 నిమిషాలు కదలకుండా ఉన్నా, రెండు మీటర్ల మధ్య తేడా 15 శాతం దాటినా, చివరి జార్ టెస్ట్ మోతాదుకు వెళ్లి ఫ్లోను బట్టి నడవాలి.

రెండోది ద్రావణం. గంటకు 500 ఘనపు మీటర్ల నీటికి లీటరుకు 30 మి.గ్రా. చొప్పున 15 కిలోల పటిక కావాలి. 10 శాతం ద్రావణమైతే 150 లీటర్లు. ట్యాంకులో కలిపింది 8 శాతమే అయితే నీటికి అందేది 24 మి.గ్రా. ఏజెంట్ మాత్రం 30 అనుకుని ఆ తప్పు లెక్కనే నేర్చుకుంటుంది. ప్రతి బ్యాచ్‌కూ హైడ్రోమీటర్ (ద్రావణం సాంద్రత కొలిచేది) రీడింగ్ ఎక్కించండి. వారానికోసారి కాలిబ్రేషన్ ట్యూబ్‌తో పంపు నిజంగా ఎంత తోస్తోందో కొలవండి. చెక్ వాల్వ్‌లో పటిక మడ్డి పేరుకుంటే పంపు స్ట్రోక్ మారకుండానే డిశ్చార్జ్ తగ్గిపోతుంది.

లక్ష్యంగా "కెమికల్ తగ్గించు" అని ఒక్కటే ఇవ్వొద్దు. అది పటిక తగ్గిస్తూ పోతే భారమంతా ఫిల్టర్ల మీద పడి బ్యాక్‌వాష్‌లు (నీటిని వెనక్కి తోసి ఫిల్టర్లు కడగడం) పెరుగుతాయి, ఆదా కాస్తా కడుగునీటికే పోతుంది. క్లారిఫయర్ టర్బిడిటీ, ఫిల్టర్ రన్ గంటలు (రెండు బ్యాక్‌వాష్‌ల మధ్య సమయం), శుద్ధినీటిలో అల్యూమినియం లీటరుకు 0.2 మి.గ్రా. లోపు, ఈ మూడూ కలిపి ఇవ్వాలి.

క్లోరిన్ సంగతి వేరు. పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్‌లో క్రిములను బాగా చంపే హైపోక్లోరస్ ఆమ్లం సగానికి దిగువకు వస్తుంది. నీటిలో అమ్మోనియా ఉంటే బ్రేక్‌పాయింట్‌కు (క్లోరిన్‌తో అమ్మోనియా తీరిపోయే చోటుకు) ముందు క్లోరిన్ పెంచినకొద్దీ రెసిడ్యువల్ (నీటిలో మిగిలే క్లోరిన్) తగ్గే దశ ఒకటుంటుంది. అక్కడ పొరపాటు జరిగితే తాగేవాళ్ల ఆరోగ్యం మీదికొస్తుంది. మామూలు కంట్రోలర్‌కే వదిలేశాం, ఏజెంట్ సలహా మాత్రం స్క్రీన్ మీద కనిపిస్తుంది.

కొత్తగా పెట్టేవాళ్లు ఒక వానాకాలమంతా పంపుకు కలపకుండా నడపండి. అది చెప్పిన మోతాదును ఒక బీకరులో, మీ మోతాదును పక్క బీకరులో వేసి చూడండి: వేగంగా ఒక నిమిషం, 30 ఆర్‌పీఎంలో 20 నిమిషాలు, ఆపి 30 నిమిషాలు. పటికను ఇంకా వాల్వ్ తిప్పి వదిలే ప్లాంట్లు మాత్రం ముందు ఏజెంట్‌కు పెట్టే డబ్బుతో మీటరింగ్ పంపు, రెండో టర్బిడిటీ మీటర్ కొనుక్కోవాలి.