పొద్దున ముందుచూపా, రాత్రి లెక్కా: స్టోయిక్ సాధనల్లో ఏది మేలు?

స్టోయిక్ పద్ధతి అంటే, ఏం జరిగినా మనసు చెదరకుండా మంచిగా నడుచుకోమనే పాతకాలపు గ్రీకు, రోమన్ తత్వం. అది పట్టాలనుకునేవాళ్లలో చాలామంది పొద్దున సాధనతో, అంటే ఎదురయ్యే ఇబ్బందుల్ని ముందే తలుచుకోవడంతో మొదలుపెడతారు. మార్కస్ ఆరేలియస్ ప్రభావం అది. ఈ రోమన్ చక్రవర్తి తనకోసం రాసుకున్న పుస్తకంలో రెండో భాగం మొదలయ్యేదే అలా: ఇవాళ నాకు ఎదురయ్యేది అక్కర్లేని విషయాల్లో తలదూర్చేవాడు, మేలు మరిచేవాడు, పొగరుబోతు, మోసగాడు, అసూయపరుడు. చదవడానికి దర్జాగా ఉంటుంది. అయినా మొదటి నెలకు రాత్రి లెక్కే మేలు.

ఆ లెక్క ఎలా వేయాలో రోమన్ స్టోయిక్ రచయిత సెనెకా కోపం మీద రాసిన గ్రంథం మూడో భాగంలో ఉంది. దీపం తీసేశాక, సంగతి తెలిసిన భార్య మాటలాపేశాక, రోజంతా ఒకసారి తిరగేసుకునేవాడు. తనకంటే ముందువాడైన తత్వవేత్త సెక్స్టియస్ వేసుకున్న ప్రశ్నలు మూడు: ఇవాళ నీలో ఏ జబ్బు నయం చేశావు? ఏ చెడ్డ గుణానికి అడ్డం నిలిచావు? ఎందులో మెరుగుపడ్డావు?

సెనెకా తన తప్పు పట్టుకునే తీరే అసలు కిటుకు. 'కోపం ఎక్కువైంది' అని తేల్చెయ్యడు. ఆ వాదనలో మరీ మీదపడి మాట్లాడావు, ఫలానా మనిషిని మందలించాల్సినదానికంటే గట్టిగా మందలించావు, అతను దారికి రాలేదు సరికదా నొచ్చుకున్నాడు, అంటాడు. దాంతోపాటే, మళ్లీ చేయకు, ఈసారికి క్షమించాను అనీ అంటాడు. ఈ క్షమించే మాట ఎగ్గొడితే మిగిలేది తనని తాను తిట్టుకోవడమే, నిద్ర కూడా పోతుంది.

ఐదు నిమిషాలు, చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్‌లో వద్దు, రాద్దామని తీస్తే వాట్సాప్ పిలుస్తుంది. రాసేది ఇలా ఉండాలి: 'ఆరున్నరకి పిల్లాడి లెక్కల దగ్గర అరిచాను. అంతకుముందే ఆఫీసు ఫోను.' టైము, చోటు, ముందు జరిగింది. పక్క మీద వాలగానే ఆలోచనలు ముసిరే మనిషైతే భోజనానికి ముందే రాసేసుకోవాలి.

దీనికి మరో స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ కొలత ఒకటి తోడు పెట్టుకోవచ్చు. రోజూ వచ్చే కోపం రోజు విడిచి రోజు రావాలి, తర్వాత మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి. 30 రోజులు రాకపోతే దేవుడికి నైవేద్యం పెట్టమంటాడు. చూడాల్సింది ఎడం పెరిగిందా లేదా అనే. ఒకరోజు తప్పిందని క్యాలెండరు చించక్కర్లేదు.

ఇక పొద్దున సాధన చెడేది సగంలో ఆపేయడం వల్ల. ఉద్యోగం పోతే, జబ్బు చేస్తే అని జాబితా వేసుకుని లేచిపోతే అది ఒట్టి దిగులు. రాని కష్టానికి ముందే ఏడవడం ఎందుకని స్టోయిక్‌లకు పోటీ తత్వం వాళ్లైన ఎపిక్యూరస్ మనుషులు ఆ రోజుల్లోనే అడిగారు, సగం సాధనకైతే ఆ ప్రశ్న సరిగ్గా తగులుతుంది. మార్కస్ అక్కడ ఆగలేదు. ఆ పొగరుబోతులూ మోసగాళ్లూ అలా ఉండేది మంచీచెడూ తెలియక, వాళ్లు నాకు బంధువులే, రెండు చేతుల్లా, పై పళ్లూ కింది పళ్లలా కలిసి పనిచేయడానికే పుట్టాం అని ముగిస్తాడు. ఈ రెండో సగం లేకుండా గడప దాటితే కనిపించిన ప్రతివాడూ శత్రువే.

పొద్దున చెయ్యాల్సిందే అంటే ఎపిక్టెటస్ స్నానశాల పద్ధతి నయం. ఒక్క పనికే పరిమితం. స్నానానికి వెళ్తున్నావా? అక్కడ నీళ్లు చల్లుతారు, తోస్తారు, తిడతారు, దొంగిలిస్తారు. నాకు స్నానమూ కావాలి, మనసు చెదరకుండా ఉండడమూ కావాలి అనుకుని వెళ్లు. బ్యాంకు క్యూకైనా, పెళ్లి భోజనాల హాలుకైనా ఇదే సరిపోతుంది. రేపు గడ్డు మీటింగు ఉందని తెలిస్తే నెల ఆగకుండా దీన్ని వాడుకోవచ్చు.

మామూలుగానైతే ముందు 30 రాత్రుల నోటుబుక్కు నిండనివ్వాలి. రాసినవే రెండు మూడు మళ్లీమళ్లీ కనిపిస్తాయి. ఆరున్నర అరుపు నాలుగైదుసార్లు తగిలిందంటే, ఆ ఒక్క నిమిషం ముందుచూపు సాధన పొద్దున కాదు, సాయంత్రం ఇంటి ముందు బండి స్టాండు వేసి, తాళం తీసేలోపు చెయ్యాలి.