పాత లిటిల్ జెయింట్ పవర్ హామర్: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట

పవర్ హామర్‌ని, అంటే మోటార్‌తో ఆడే కమ్మరి సమ్మెటని, పెయింట్ చూసి కొనకండి, తుప్పు చూసి వదిలేయకండి. ఆ రెండూ మెషిన్ గురించి ఏమీ చెప్పవు. నా దగ్గరున్నది 50 పౌండ్ల లిటిల్ జెయింట్, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం మాంకేటోలో తయారైన పాత రకం మెకానికల్ హామర్. మూతపడిన ఓ వర్క్‌షాప్‌లో మూలన పడుంటే తుక్కు కింద తూకానికి పోయే లోపే తెచ్చుకుని, విప్పి, బాగుచేసి, అప్పట్నుంచీ దాని మీదే పని చేస్తున్నా.

కొత్తవాళ్లు 50 పౌండ్లంటే మెషిన్ బరువనుకుంటారు. కాదు, పైకీ కిందికీ ఆడే ర్యామ్ బరువది, అంటే 23 కిలోలకి కాస్త తక్కువ. మెషిన్ మొత్తం ముప్పావు టన్ను దాకా తూగుతుంది, పైగా షాఫ్టూ పుల్లీ అన్నీ పైనే ఉంటాయి కాబట్టి కొంచెం ఒరిగితే చాలు పడిపోతుంది. ఎత్తేటప్పుడు గొలుసు ఫ్రేమ్‌కే వెయ్యాలి, క్రాంక్ షాఫ్ట్‌కి వేసి లాగితే అది వంగితే ఇక మీ పని అయిపోయినట్టే.

కొనేముందు చూడాల్సింది ఫ్రేమ్ పగుళ్లు. అది పోత ఇనుము, వెల్డింగ్ అంత తేలిగ్గా పట్టదు. అనుమానం ఉన్నచోట కిరోసిన్ పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి, పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ ఊరి సుద్ద మీద గీతలా కనపడుతుంది. ముఖ్యంగా కింద డై (ఇనుముకి దెబ్బ తగిలే ఉక్కు దిమ్మ) కూర్చునే డవ్‌టెయిల్ గాడి మూలల్లో, ర్యామ్ జారే గైడ్ల దగ్గర, బేరింగ్ క్యాపుల దగ్గర ఈ పరీక్ష చెయ్యాలి. ఫ్రేమ్ బాగుంటే మిగతావన్నీ మార్చుకోవచ్చు, చేయించుకోవచ్చు. ఫ్రేమ్ పోతే మాత్రం ఎంత ముద్దొచ్చినా వదిలెయ్యండి.

విప్పడానికి కావాల్సింది బలం కాదు, ఓపిక. పట్టేసిన బోల్టులకి పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేసి, మర్నాడు కొంచెం వేడి చేసి, మళ్లీ ఆయిల్ పోసి... అలా. పోత ఇనుము మీద సమ్మెటతో బాదితే బోల్టు రాదు, బోల్టు పట్టే పోత చెవి ఊడొస్తుంది. పాత పెయింట్‌లో సీసం ఉండే ఛాన్స్ ఉంది కాబట్టి గ్రైండర్‌తో పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకండి. చిన్న పార్ట్స్‌కి వాషింగ్ సోడా నీళ్లలో డీసీ కరెంట్ పెట్టి తుప్పు తీయొచ్చు, బాగా పనిచేస్తుంది, కానీ పార్ట్‌కి ఎదురుగా నీళ్లలో పెట్టే రెండో ప్లేట్ మామూలు ఇనుమే పెట్టండి, స్టెయిన్‌లెస్ పెడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది.

అసలు పని బేరింగుల్లో ఉంది. ఇందులో బాల్ బేరింగులు లేవు, షాఫ్ట్ చుట్టూ బాబిట్ అనే మెత్తటి మిశ్రలోహం కరిగించి పోసి ఉంటుంది. నా దాంట్లో అది అరిగిపోయి షాఫ్ట్ చేత్తో కదిపితే టకటక కొట్టుకునేది, పాత బాబిట్ తీసేసి కొత్తది పోయాల్సొచ్చింది. ఇది చేయదగ్గ పనే, భయపడక్కర్లేదు, కానీ తేమ అన్నది ఎక్కడా ఉండకూడదు, కరిగిన లోహం కింద ఒక్క చుక్క నీరున్నా ఆవిరై ఆ లోహమంతా మొహాన చిమ్ముతుంది. అందుకే ముందు పోతనీ షాఫ్ట్‌నీ వేడి చెయ్యాలి, వేడి చేస్తే తేమా పోతుంది, పోసిన బాబిట్ మధ్యలో గడ్డకట్టకుండానూ ఉంటుంది. షాఫ్ట్‌కి మసి పట్టిస్తే బాబిట్ అంటుకోదు. కరిగిన బాబిట్ వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి పాతవాళ్ల పద్ధతి పైన్ చెక్క పుల్ల ముంచడం, పుల్ల మాడి నల్లబడాలి కానీ అంటుకోకూడదు. పోసేటప్పుడు ఆపకుండా ఒకే ధారగా పొయ్యాలి. తర్వాత షాఫ్ట్‌కి బ్లూ (తగిలిన చోట అంటే నీలం రంగు పేస్ట్) రాసి, తిప్పి, అంటిన చోటల్లా స్క్రేపర్‌తో గీకడం. విసుగు పుట్టే పని, కానీ ఇన్నేళ్లలో ఆ బేరింగులు నన్ను ఏడిపించలేదు. క్యాపుల కింద షిమ్స్, అంటే పల్చటి రేకు ముక్కలు, పెట్టుకుంటే అరిగినప్పుడల్లా ఒక్కోటి తీసి బిగించుకోవచ్చు.

ఇక ట్యూనింగ్. ఈ హామర్లు బాగోవు, కంట్రోల్ ఉండదు అని తిట్టేవాళ్లలో ఎక్కువమంది ట్యూన్ చెయ్యని హామర్ వాడినవాళ్లే అని నా అభిప్రాయం. ఇందులో ర్యామ్ నేరుగా క్రాంక్‌కి తగిలించి ఉండదు, మధ్యలో రెండు చేతులు, వాటి పై కొసల మధ్య అడ్డంగా గట్టి స్ప్రింగ్ ఉంటాయి. క్రాంక్ అడుగుకి వచ్చేసినా ర్యామ్ తన ఊపులో స్ప్రింగ్‌ని నొక్కుతూ ఇంకాస్త కిందికి పోతుంది, దెబ్బ బలం అక్కడిదే. అందుకే మెషిన్ ఆపి చేత్తో తిప్పినప్పుడు, క్రాంక్ అట్టడుగున ఉండగా డైల మధ్య ఖాళీ ఉండాలి, మీరు రోజూ కొట్టే ఇనుము మందం ఎంతో సుమారు అంత. ఖాళీ అస్సల్లేకపోతే హామర్ కొట్టడం మానేసి తోస్తుంది, మోటార్ మూలుగుతుంది. స్ప్రింగ్ బాగా బిగిస్తే ర్యామ్ ఊగదు, బాగా వదులైతే ఒకసారి తొక్కితే రెండు దెబ్బలు పడతాయి. గైడ్లలో ర్యామ్ పక్కకి ఆడకూడదు, అలాగని పట్టేయనూ కూడదు. ఇవన్నీ కుదిరాక పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనిస్తే వేలితో తట్టినట్టు పడుతుంది దెబ్బ, నమ్మరు గానీ నిజం.

క్లచ్ కూడా ఈ కంట్రోల్‌లో భాగమే. నాది ఆరిపోయి ఉన్నప్పుడు కాలు పెట్టగానే లటుక్కున పట్టుకునేది, కొంచెం ఆయిల్ అందేలా చూశాక మెత్తగా జారుతూ పట్టుకుంటోంది. మోటార్ 3 హెచ్‌పీ పెట్టా, చాలు. వేగం నిమిషానికి 300 పైచిలుకు దెబ్బలు, అంతకన్నా పెంచితే బలం పెరగదు, స్ప్రింగూ చేతులూ త్వరగా అరుగుతాయంతే.

వాడకంలో ఎలా ఉంది అంటే, సమ్మెట వేసే మనిషి పక్కనున్నట్టే. అంగుళం కడ్డీని చేత్తో సాగగొట్టాలంటే మళ్లీ మళ్లీ కొలిమిలో పెట్టాలి, ఇక్కడ ఒక్క కాకలో చాలా దూరం సాగుతుంది, బొగ్గూ మిగులుతుంది, మోచెయ్యీ మిగులుతుంది. పట్టకారు మాత్రం ముక్క సైజుకి సరిగ్గా సరిపోయేదే ఉండాలి, ముక్క డై మీద బల్లపరుపుగా ఆనాలి, లేకపోతే ఆ దెబ్బకి ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. అంగుళంన్నర దాటితే దెబ్బలు పైపైనే పడతాయి, నడిమధ్యకి చేరవు. ఆ సైజు పని రోజూ ఉన్నవాళ్లు 100 పౌండ్లది చూసుకోవడం మేలు.

ఇబ్బందులూ ఉన్నాయి. మందం బాగా మారితే ర్యామ్ ఎత్తు మళ్లీ సర్దాలి, స్పానర్ పట్టుకుని పని ఆపాలి, మందం ముక్క తర్వాత పల్చటిది అంటే విసుగే. మాసీ, నాజెల్ లాంటి సొంత కంప్రెసర్ ఉన్న ఎయిర్ హామర్లు మందం పెద్దగా పట్టించుకోవు, పైగా కొన్ని ముక్కని కదలకుండా నొక్కి పట్టుకుంటాయి కూడా, దీనికి అది చేతకాదు. టూలింగ్ (డైల మధ్య పెట్టి కొట్టే ఉలులు, అచ్చుల్లాంటివి) ఎక్కువ వాడేవాళ్లకి నేనైతే ఎయిర్ హామరే చెప్తా. ఆయిల్ చిమ్ముతుంది, పాత చొక్కాయే వేసుకోండి. చెవులకి మఫ్స్ లేకుండా దీని దగ్గరికి రావద్దు. స్ప్రింగ్ ముందు గార్డ్ లేకపోతే ముందు అది చేయించండి, విరిగిన స్ప్రింగ్ ముక్క మనిషి తల ఎత్తులోనే ఎగురుతుంది. మధ్యలో ఇనుము లేకుండా డై మీద డై కొట్టనివ్వకండి, చలికాలం పొద్దున్నే వేడి ఇనుము ముక్క డైల మీద కాసేపు పెట్టి వెచ్చబడ్డాకే మొదలెట్టండి, చల్లటి డైలు విరుగుతాయి.

డైల మాటకొస్తే, సగం ఫ్లాట్ సగం డ్రాయింగ్ (ఇనుముని సాగగొట్టే గుండ్రటి ముఖం) ఉండే కాంబినేషన్ డైలు నాకు నచ్చలేదు, డ్రాయింగ్ వైపు కొట్టినప్పుడల్లా బలం పక్కకి పడి గైడ్లు ఒకవైపే అరుగుతున్నాయి. ఫ్లాట్ డైలు, అంచులు బాగా గుండ్రం చేసినవి, వాటితోనే ముప్పావు వంతు పని అయిపోతుంది. డైలని బిగించే వెడ్జ్‌లు మాత్రం రోజూ మొదలెట్టే ముందు ఒక దెబ్బ వేసి చూసుకోండి, వదులైన వెడ్జే డవ్‌టెయిల్‌ని పగలగొట్టేది.