మూడేళ్లు విటమిన్ బీ12, డీ వాడాక: ఏం తిరిగొచ్చింది, ఏం రాలేదు

2022 జూన్‌లో మొదలుపెట్టాను. మధ్యలో ఒకసారి డోసు పెంచి చూశాను, ఇంకోసారి నాలుగు నెలలు ఆపి చూశాను. అందుకే నెల వాడి రాసే మాటలకన్నా నా మాట కాస్త పనికొస్తుందనుకుంటున్నాను.

మాది చెన్నైలో పెరంబూరు. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. వయసు నలభై నాలుగు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. పైగా గ్యాస్ ట్రబుల్‌కని ఐదేళ్లుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకునేదాన్ని.

అప్పటి నా పరిస్థితి చెప్పాలంటే ఆన్సర్ పేపర్ల కట్ట గురించి చెప్పాలి. నలభై రెండు పేపర్లు. రాత్రి వంటిల్లు సర్దుకుని, కట్ట విప్పి, ఎర్ర పెన్ను మూత తీసి కూర్చునేదాన్ని. మూడో లెక్క దిద్దేసరికి రెండో లెక్కకు ఎన్ని మార్కులు వేశానో గుర్తుండేది కాదు. పేజీ వెనక్కి తిప్పి చూసుకుని మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. పావుగంటకే పెన్ను మూత పెట్టేసేదాన్ని. వరసగా మూడు రోజులు ఆ కట్ట టేబుల్ మీదే ఉండిపోయేది. ఇంట్లో బద్ధకమన్నారు. నాకేమో ఉద్యోగం మీద ఇష్టమే పోయిందేమో, మానేయాలేమో అనిపించేది. ఇరవై ఏళ్లుగా ప్రాణంలా చూసుకున్న పని గురించి అలా అనుకోవడం ఎంత బాధో అనుభవిస్తేనే తెలుస్తుంది.

టీవీలో ప్రకటన చూసి మల్టీవిటమిన్ మాత్రలు కొన్నాను. ఏడు నెలలు వాడాను. మూత్రం పచ్చగా రావడం తప్ప ఏ మార్పూ లేదు. ఆ రంగు బీ2 వల్లనట, అంతకుమించి దానికి అర్థం లేదు.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది పాదాల్లో తిమ్మిర్ల కోసం. ఆవిడ ట్యూనింగ్ ఫోర్కును మోగించి నా కాలి బొటనవేలి మీద ఆనించి, అదురు ఆగగానే చెప్పమన్నారు. కొద్దిసేపటికి ఆగిందన్నాను. వెంటనే దాన్ని తీసి నా చేతివేలి మీద పెట్టారు. ఇంకా జివ్వుమని అదురుతూనే ఉంది! నా కాలికి తెలియడం లేదంతే. ఆ క్షణం గుండె జారిపోయింది.

రక్తపరీక్ష రిపోర్టులో బీ12 138 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద కనీసం 200 ఉండాలని ఉంది. విటమిన్ డీ 14, అదీ తక్కువే. థైరాయిడ్ బాగానే ఉంది. బీ12 సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాల లాంటి వాటిలోనే. తిండిలోని బీ12 విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లాన్నే నా మాత్ర ఐదేళ్లుగా తగ్గిస్తూ వచ్చింది. నరాల మీది పొర బాగుండటానికీ, రక్తకణాలు తయారవడానికీ బీ12 లేనిదే కుదరదు. మల్టీవిటమిన్‌లో ఉన్న కొద్దిపాటి మైక్రోగ్రాములు నా గొయ్యి పూడ్చడానికి ఏ మూలకూ రాలేదు.

ఆవిడ మరో మాట గట్టిగా చెప్పారు. బీ12 తక్కువున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ (అదీ ఒక బీ విటమినే) ఒక్కటే మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయట. ఫోలిక్ యాసిడ్ అనగానే నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. 1940లలో అమెరికాలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడాయన. చదివింది నేను రోజూ దాటివెళ్లే మద్రాసు మెడికల్ కాలేజీలోనే.

నాకు మొదట రోజు విడిచి రోజు బీ12 సూదులు, తర్వాత వారానికొకటి, ఆపైన రోజుకొక మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రకం) 1500 మైక్రోగ్రాముల మాత్ర. సూది వేయించుకున్న మర్నాడే హుషారొస్తుందని ఎవరైనా అంటే నాకైతే అలా జరగలేదు. మొదటి రెండు వారాల్లో తిమ్మిర్లు ఇంకా పెరిగాయి. ఆరో వారంలో ఒక రాత్రి పేపర్లు దిద్దుతూ తలెత్తి చూస్తే కట్టలో ఇంకా ఐదే మిగిలాయి. ఒక్కసారి కూడా పేజీ వెనక్కి తిప్పలేదని అప్పుడు గమనించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయింది ఇష్టం కాదు, నిలిచి చేసే శక్తి అని ఆ రాత్రి తెలిసింది.

విటమిన్ డీ సంగతి వేరు. చెన్నై ఎండలో ఉండి డీ తక్కువేమిటని అందరూ అడిగారు. ఏడింటికి రైలెక్కి నాలుగింటిదాకా గదుల్లో ఉండేవాళ్లకు నడినెత్తి ఎండ ఎక్కడ తగులుతుంది? వారానికొకటి 60,000 యూనిట్ల పొడి, పాలతో, ఎనిమిది వారాలు. తర్వాత నెలకొకటి. నడుము నొప్పి, పిక్కల లాగుడు తగ్గాయి. మనసుకు మాత్రం తేడా ఏమీ కనిపించలేదు.

2024 మార్చిలో బోర్డు పరీక్షల పని ఎక్కువై, ఇంకాస్త చురుకు వస్తుందేమోనని రోజుకు రెండు బీ12 మాత్రలు వేసుకున్నాను. అప్పటికి నా బీ12 612. చురుకేమీ పెరగలేదు, గడ్డం నిండా మొటిమలు వచ్చాయి. ఆ తర్వాత పూర్తిగా ఆపితే నాలుగు నెలలదాకా ఏమీ తెలియలేదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కదా. కానీ పరీక్షలో 340కి దిగింది, డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టించారు. పాంటోప్రజోల్ కూడా ఆవిడ సలహాతోనే మెల్లగా మానేశాను.

మా అబ్బాయి ఇంటర్. "అమ్మా, నాకూ ఆ సూది వేయించవా, చదువు మీద మూడ్ రావట్లేదు" అన్నాడు. పరీక్ష చేయిస్తే 430. సూది అక్కర్లేదు. రాత్రి ఒంటిగంటదాకా ఫోన్ చూడటం మానిపించాం, అదే పనిచేసింది. మా అత్తయ్యగారిది దీనికి తిరగేసిన కథ. పదకొండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అది కూడా బీ12ను తగ్గిస్తుంది. ఆవిడ మతిమరుపును వయసు మీదకు తోసేశాం. పరీక్షలో 160 వచ్చింది. ఇప్పుడు పాలవాడి లెక్క మళ్లీ ఆవిడే చూస్తున్నారు. మెట్‌ఫార్మిన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి ఒక్కసారి పరీక్ష చేయించండి.

పోయినేడు నాన్న పోయాక మూడు నెలలు మళ్లీ పేపర్ల కట్ట విప్పలేకపోయాను. అప్పుడు నా బీ12 బాగానే ఉంది. ఆ బరువును ఏ మాత్రా తగ్గించలేదు. అక్కతో రోజూ ఫోన్లో మాట్లాడటం, సాయంత్రం నడక, ఇవే నన్ను లేపాయి.

నా లెక్కలో లోటున్నవాళ్లకు బీ12కి పదికి తొమ్మిది మార్కులు, డీకి ఐదు, మల్టీవిటమిన్‌కు ఒకటి. పోయిన నెల డాక్టరమ్మ మళ్లీ ఆ ఫోర్కు తీశారు. కుడి బొటనవేలికి చివరిదాకా అదురు తెలిసింది. ఎడమదానికి ఇంకా కాస్త ముందే ఆగిపోతోంది. మాత్ర కొనసాగించమన్నారు.