కట్టె చక్రమా, టైరు చక్రమా: ఎడ్లబండిలో ఘర్షణ

వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్ల మీదనే వస్తున్నా, పల్లెల్లో చేనుకు ఎరువు, ఇంటికి గడ్డి మోసే ఎడ్లబండ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఇనుప పట్టా వేసిన కట్టె చక్రాల బండికి, టైర్ల బండికి అసలు తేడా ఘర్షణ దగ్గరే తేలుతుంది.

కట్టె చక్రం తిరిగినంతసేపూ ఇరుసును రాసుకుంటూనే ఉంటుంది. అది జారుడు ఘర్షణ. అందుకే ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెనను తరచూ పూసేవారు. అది ఆరిపోతే చక్రం కిర్రుమంటుంది, ఇరుసు వేడెక్కి అరుగుతుంది, ఆ అదనపు బరువంతా నోరులేని ఎడ్ల మెడల మీదనే పడుతుంది. టైర్ల బండిలో ఇరుసుకూ చక్రానికీ నడుమ ఉక్కు గోళీలున్న బేరింగు ఉంటుంది కనుక అవి రాసుకోవు, దొర్లుతాయి. మంచి బాల్ బేరింగులో ఘర్షణ గుణకం, అంటే మోపిన బరువులో ఎంత వంతు ఘర్షణగా ఎదురొస్తుందో చెప్పే అంకె, 0.001 నుంచి 0.002 దాకానే ఉంటుంది. కందెన పూసిన ఇరుసులో అది ఎన్నో రెట్లు ఎక్కువ.

నేల సంగతి వేరు. తడిసిన నల్లరేగడిలో సన్నని ఇనుప పట్టా కోసుకొని దిగబడుతుంది, వెడల్పు టైరు బరువును పరచి తేలికగా సాగుతుంది. అయితే తారురోడ్డు మీద గాలి తగ్గిన టైరు నలిగి నలిగి ఎడ్ల శ్రమను తినేస్తుంది.

ఎడ్ల కోసమైనా టైర్ల బండే మేలని నా గట్టి అభిప్రాయం. కాని వాలులో అది ఆగకుండా ముందుకు తోసుకొస్తుంది కాబట్టి బ్రేకు తప్పనిసరి. చక్రానికి ఒత్తుకొనే ఆ బ్రేకు కట్టెకు మాత్రం గ్రీజు అంటనివ్వకూడదు, అక్కడ ఘర్షణే కావాలి.